మా ఇంటికి రాని పైపు

“పైపు లేదని చెప్తాండా గదా! ఎన్నిసార్లు అడుగుతావ్ మే, పొద్దన్నే?”

“లేని పైపు రేషన్ షాపాయన ఇంటికి యాడనుంచి వచ్చిందప్పా? ఆకాశం నుంచి ఊడిపడిందా?”

“అది ముందు తెచ్చిపెట్టిన ముక్క.”

“ముందు వాటా కట్టింది నేను. ఆయప్ప మొన్న చేరినాడు. ముందు తెచ్చిన ముక్క మొన్న చేరినాయనకు పోతాదా? నీ షాపులో కూడా ఇట్లనేనా? ముందొచ్చిన ఇంజను మూలన పడేసి, ఎనకొచ్చిన దానికి నట్లు బిగిస్తావా?”

“నోరు బేగా లేస్తాది నీకు. మాట మాత్రం ఇనవు.”

“ఇనబట్టే గదా ఇన్నాళ్లు నోరు మూసుకున్యా. జొన్న కోతలప్పుడు ఉగాదికి పైపంటివి. ఉగాది పాయె. ఎండలు పాయె. ముసురు పట్టింది. ఇంగ ఎప్పుడప్పా?”

ఈ మాటలప్పుడు నా నెత్తి మీద పేడ తట్ట ఉంది. పైన తుంపర పడుతోంది. మా ఇద్దరి మధ్య ఇటుకలతో కట్టిన గుండ్రటి గుంత, అందులో బోర్లించిన నల్లటి ఇనుప డ్రమ్ము. నాతో వాదిస్తున్న మనిషి మా ఊళ్లోనే పుట్టి, ఊళ్లోనే ఉంటూ, ఆళ్లగడ్డలో ఆయిలింజన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నవాడు. ఊరంతా ఇంజను షాపాయన అనేవాళ్లు. ఆ గుంత ఆయనది. సొంత డబ్బు కొంత, బ్యాంకు డబ్బు కొంత పెట్టి తవ్వించాడు. నంద్యాలలో డ్రమ్ము చేయించి లారీలో తెచ్చాడు. ఊళ్లో ఏడిండ్లవాళ్ల దగ్గర, నా దగ్గర వాటాలు కట్టించుకున్నాడు. అందరి పశువుల పేడా అందులో పోయించి, లేచిన గ్యాసును పైపుల్లో వంటిండ్లకు పంపి, నెలనెలా దానికి వసూలు చేసేవాడు.

ఊరు అయిపోయి మా పాలెం మొదలయ్యేచోట ఆ గుంత. ఊరివాళ్లు గుడికి, మేము చర్చికి. గుంతకు అందరికంటే దగ్గర ఇల్లు నాదే. మా కొట్టం గోడకు, గుంతకు మధ్య ఒక ఎద్దులబండి పట్టే దారి, అంతే. వాటా కట్టాను. పాలెంలో వాటాదారు నేనొక్కదాన్నే. రోజూ పేడ మోశాను. గ్యాసు మాత్రం నా ఇంటికి తప్ప అన్ని ఇండ్లకూ పోయింది.

ఆ వాటా నేను సరదాకు కట్టింది కాదు.

పంతొమ్మిది వందల ఎనభై దాటిన కొత్త అది. నా భర్త అప్పటికే లేడు. నాకు నాలుగు పాడి ఎనుములు, ఒక పెయ్యదూడ, కాలువ కింద కొంచెం చేను. కొడుకు నంద్యాలలో ఒక బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. పొద్దున బస్సుకు పోయి చీకటి పడేలోగా వచ్చేవాడు. కోడలు కొలిమిగుండ్ల దిక్కు పిల్ల. బండలు కోసే గనుల దుమ్ములో పెరిగింది. పెండ్లినాటికి కొంచెం దగ్గేది. బిడ్డ పుట్టినాక ఆ దగ్గు ఆయాసమైంది. పొయ్యి ముందు కూర్చుంటే చాలు, ఛాతీలోనుంచి పిల్లిపిల్ల అరిచినట్టు చప్పుడు వచ్చేది. మాట మధ్యలో ఆగిపోయి, రెండు చేతులూ నేలకు ఆనించి, నోరు తెరుచుకొని కూర్చునేది. ఆ ఊపిరి మళ్లీ వస్తుందా రాదా అని చూస్తూ నిలబడటమే మా పని.

నంద్యాలకు తీసుకుపోతే డాక్టరు బిళ్లలు రాసిచ్చి, నన్ను దగ్గరికి పిలిచాడు. “మందు నేనిస్తా. పొగ ఆపాల్సింది నువ్వు. ఈ పిల్ల పొగలోనే ఉంటే నా బిళ్లలు పనిచేయవు. ఏదో ఒక రోజు ఊపిరి అందకుండా పోతుంది,” అన్నాడు. నంద్యాల నుంచి బస్సు దిగేదాకా నా బుర్రలో ఇదొకటే తిరిగింది: పొగ లేకుండా అన్నం ఎట్లా ఉడుకుతుంది? వంట నేను చేసినా మా ఇల్లు ఒకటే గది. పొగ మనిషిని చూసి ఆగదు. కిరసనాయిలు రేషన్‌లో వచ్చేది దీపానికే చాలదు. అప్పట్లో సిలిండర్ గ్యాసు నంద్యాలలో పెద్ద ఉద్యోగాల వాళ్ల ఇండ్లలో ఉందని వినడమే.

అట్లాంటప్పుడు ఇంజను షాపాయన మా గడప ముందుకు వచ్చాడు. మంచం వాల్చి కూర్చోమంటే కూర్చోలేదు, పనుందన్నాడు.

“పేడలో గ్యాసు ఉంటాదవ్వా.”

“పేడలో పురుగులుంటాయి. గ్యాసేందప్పా?”

“ఉంటాది. నేను చూసొచ్చినా. పేడ, నీళ్లు కలిపి గుంతలో పోస్తే పులిసి గ్యాసు లేస్తాది. డ్రమ్ము పైకి లేస్తాది. పైపు పెట్టి పొయ్యికి ఇస్తే మంట. పొగ రాదు. మసి రాదు.”

“పొగ అసలే రాదా?”

“ఊదొత్తి పొగంత కూడా రాదు.”

ఆ ఒక్క మాట నన్ను పట్టుకుంది. అయినా నేను ఊరికే తల ఊపే మనిషిని కాదు. బెల్లం కొన్నా విరిచి చూసి కొనేదాన్ని. గ్యాసు తీసినాక పేడ ఏమవుతుందని అడిగాను. ఎరువై తిరిగి నీ దిబ్బకే వస్తుందన్నాడు. పుల్లలు లేకుండా మంట ఎట్లా అంటుకుంటుందని అడిగాను. అగ్గిపుల్ల ఒక్కటి చాలన్నాడు. నా ఎనుముల పేడ అన్నిటికంటే ఎక్కువ కదా, నా వాటా తగ్గించమన్నాను. నవ్వి, కొంచెం తగ్గించాడు.

పెయ్యదూడను అమ్మి వాటా కట్టాను. అది ఇంకో ఏడాదికి చూలు కట్టేది. దాన్ని తోలుకుపోయిన రోజు తల్లి ఎనుము కొట్టం అంతా వెతికి, సాయంత్రం పాలు చేపలేదు. కోడలు ఏడ్చింది. “దూడ కోసం ఏడ్చి మళ్లీ ఆయాసం తెచ్చుకోవద్దు,” అని కసిరాను.

గుంత నిండింది. కొన్ని వారాలు ఏమీ లేదు. తర్వాత డ్రమ్ము కదిలింది. ఎవరూ ముట్టకుండా, ఎవరూ ఎత్తకుండా అంత బరువు ఇనుము తనంతట తాను పైకి లేవడం చూసి పాలెమంతా గుమిగూడింది. మొదటి గ్యాసు కుళ్లిన గుడ్డు వాసన కొట్టింది, అగ్గిపుల్ల పెడితే ఆరిపోయింది. “ఎనుములు నిన్ను చూసి నవ్వుతాండాయప్పా!” అని ఎవరో అరిచారు. ఆయన సిగ్గుపడి, ఆ గ్యాసు వదిలేసి, మళ్లీ లేచేదాకా ఆగాడు.

మంట మొదట వెలిగింది పెద్దింట్లో. ఊళ్లో పాత రైతు కుటుంబం వాళ్లది. ఆ ఇంటి పెద్దావిడ మాట ఏడిండ్లకూ మాట. నేను వాళ్ల పెరటి తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగిచూశాను. కట్టె లేదు. పిడక లేదు. ఇనుప పొయ్యి మీద నీలంగా, చుట్టూ రేకులు తెరుచుకున్న పువ్వులా మంట. బుస్సుమని సన్నటి చప్పుడు. పొద్దున నా చేతులతో పిసికి కలిపిన పేడేనా ఇది? ఇంటికి పరిగెత్తినట్టే వచ్చి కోడలికి చెప్పాను. నేను అంత ఆత్రంగా మాట్లాడటం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు, నా ముఖమే చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత మొదలైంది ఎదురుచూపు. పైపు నంద్యాలలో అయిపోయిందన్నాడు. కర్నూలు నుంచి రావాలన్నాడు. వచ్చింది పొట్టిదన్నాడు. గుంతకు దగ్గర ఇంటికి పొట్టి పైపు ఎట్లా చాలదో నాకు అర్థం కాలేదు. అయినా ఇంజన్ల మనిషి, ఆయనకే తెలియాలి అనుకున్నాను.

ఈలోగా ఇంకోటి జరిగింది. పేడంతా గుంతకు పోతోంది కాబట్టి మా గోడ మీద పిడకలు లేవు. ఏడాదికి సరిపడా పిడకలు గూడు కట్టుకొనే ఇల్లు నాది. ఆ ఏడు గూడు ఖాళీ. పత్తికట్టె, కందికంప మీద పడ్డాం. ఎండాకాలం బయట మూడు రాళ్లు పెట్టి ఎట్లాగో నడిపించాం. ముసురు పట్టినాక పొయ్యి లోపలికి వచ్చింది. తడిసిన పత్తికట్టె మండదు, పొగ చిమ్ముతుంది. కండ్లు తెరవలేనంత పొగ. పొగ పోగొట్టడానికి వాటా కట్టిన ఇంట్లో మునుపెన్నడూ లేనంత పొగ. కోడలు రోజుకు రెండుసార్లు బయటికి పరిగెత్తి, కొట్టం గుంజ పట్టుకొని, వానలో నిలబడేది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగేవి.

ఆ రోజు పొద్దున పేడ తట్టతో వెళ్తుంటే, దారి పక్క మట్టిలో కొత్తగా పూడ్చిన గీత కనిపించింది. దాని వెంబడే నడిచాను. అది ఊరి చివర రేషన్ షాపాయన ఇంటి వెనక్కి పోయింది. ఆయన కొట్టంలోనుంచి నల్ల పైపు తల బయటికి చూస్తోంది. తట్ట దించకుండానే తిరిగొచ్చి ఇంజను షాపాయనను పట్టుకున్నాను. మొదట చెప్పిన మాటలు అప్పటివే.

“నిజం చెప్పప్పా,” అన్నాను. “పైపు లేదా, పైపు వెయ్యవా?”

ఆయన నా వైపు చూడలేదు. పేడ పోయడానికి వచ్చి నిలబడిన ఆడవాళ్ల వైపు చూశాడు. వాళ్ల మధ్యలో పెద్దింటి పెద్దావిడ, కొంగు నెత్తిన కప్పుకొని, చినుకులకు అరచేయి అడ్డం పెట్టుకొని ఉంది.

“నన్నేం అడుగుతావ్? వాళ్లనడుగు,” అన్నాడు.

“అడగనీలే,” అంది పెద్దావిడ. “దాపరికమేముంది? ఏమ్మే, డ్రమ్ము ఒకటే గదా?”

“ఒకటేనమ్మా.”

“మీ ఇంట్లో పొయ్యి ఎలిగించి, వంటయినాక మర తిప్పి ఆర్పేస్తావు. అప్పుడు మీ పైపులో మిగిలిన గ్యాసు యాడికి పోతాది?”

“యాడికి పోతాదమ్మా? పైపులోనే ఉంటాది.”

“ఉండదు. ఎనక్కి డ్రమ్ములోకి వస్తాది. మీ పొయ్యి దాకా పోయొచ్చిన గ్యాసు. ఆడనుంచి మా పొయ్యికి. ఎంగిలి కంచంలో మేం తిన్నట్టు గాదా? నువ్వే చెప్పు.”

ఆమె కోపంగా అనలేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. వాళ్లు ఇది ఎప్పుడో మాట్లాడుకున్నారు. నేను పైపు కోసం ఎదురుచూసిన ఆ నెలలన్నీ ఇక్కడ నిలబడిన ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు. ప్రతి పొద్దూ నా తట్టకు దారి ఇచ్చారు, “పొయ్ మే, పొయ్” అన్నారు, ఒక్కరూ చెప్పలేదు.

“అమ్మా, నా ఎనుముల పేడ రోజూ పోస్తాండా,” అన్నాను చివరికి. “దాంట్లోనుంచే గదా మీకు మంట లేచేది?”

“పేడకేంది మే? పేడ పేడే. ఇల్లు అలుకుతాం, దేవుని గూడు అలుకుతాం. దానికి అంటు లేదు. పొయ్యికి ఉంది.”

“పాలకేంద్రంలో మీ పాలూ నా పాలూ ఒక క్యానులోనే పోస్తాండారు గదమ్మా?”

“అవి మేం తాగుతామా? నంద్యాలకు పోతాయి.”

“నంద్యాల హోటల్లో మీ కొడుకు టీ తాగడా?”

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దావిడ కూడా నవ్వింది. “ఆడ వాడేం తాగుతాడో నేను చూసినానా? నా ఇంటి పొయ్యి నేను చూసుకోవాల గదమ్మే.”

ఆమె వెనకనున్న చిన్న కోడలు, “అత్తా, వాళ్లు ఎండుచేపలు కాలిస్తే మన పప్పుకు ఆ వాసనొస్తాదేమో!” అంది. ఈసారి అందరూ నవ్వారు. ఆ పిల్ల చెడ్డది కాదు. నా మనవరాలు దారిలో ఆడుకుంటుంటే బెల్లంముక్క చేతిలో వేసి పోయేది.

నేను ఇంజను షాపాయన వైపు తిరిగాను. “నువ్వు ఇంజన్లు ఇప్పి బిగించేవాడివి. నువ్వు చెప్పప్పా. పొయ్యి దాకా పోయిన గ్యాసు ఎనక్కి వస్తాదా?”

ఆయన బూటుతో మట్టి గీకాడు. “పొయ్యి కాడ కాలిపోయింది ఎట్లొస్తాది? రాదు,” అన్నాడు చిన్నగా. తర్వాత గొంతు పెంచాడు. “రాదని నేను చెప్తే వాళ్లు ఇనాల గదా? ఏడిండ్లు వాళ్లు. నెలనెలా వాళ్లిచ్చే దుడ్లతోనే నేను బ్యాంకుకు కట్టేది. నీ ఒక్క పొయ్యి కోసం ఏడు పొయ్యిలు ఆరిపోతే నా డ్రమ్ము తుప్పు పట్టాల. నేనూ నా పెండ్లాం గుంతలో దూకాల.”

“నా దూడ అమ్మి వాటా తెచ్చిచ్చినప్పుడు తెలీదా నీకు?”

“అప్పుడు ఎవురూ ఈ మాట అనలేదవ్వా. మంట చూసినాక అన్యారు.”

అది నిజమే కావచ్చు. పేడగా ఉన్నంతవరకూ ఎవరికీ ఏమీ తట్టలేదు. నీలం మంటై వంటింట్లోకి వచ్చాకే, ఇది ఎవరెవరి ఇంటి నుంచి వస్తోంది, ఎవరెవరి ఇంటికి పోతోంది అని చూసుకున్నారు.

నా వాటా తిరిగి ఇవ్వమన్నాను. ఆ డబ్బు డ్రమ్ముకే పెట్టాను, డ్రమ్మును కోసి ఇయ్యమంటావా అన్నాడు. మాట పెరిగింది. అప్పుడు పెద్దావిడ చెయ్యెత్తింది.

“ఆపండి. ఆ పిల్ల ఆయాసపడతాందని నేనూ ఇన్యా. నేనేం రాయినా? ఏమప్పా, ఈడ్నే డ్రమ్ము పక్కన ఒక పొయ్యి పెట్టియ్. పైన బోదగడ్డి కప్పిచ్చు. పొద్దన్నే ఆ పిల్ల ఈడికొచ్చి వండుకొని పోతాది. పొయ్యి వాళ్లింట్లో ఉండదు, డ్రమ్ముది. అప్పుడు అంటు లేదు.”

ఆడవాళ్లంతా తలలు ఊపారు. “న్యాయం చెప్పినావత్తా,” అన్నారు. ఇంజను షాపాయన ముఖంలోకి ప్రాణం వచ్చింది. “అట్లయితే ఇప్పుడే పెట్టిస్తా అవ్వా!” అన్నాడు.

వాళ్లందరూ నా ముఖం చూస్తున్నారు. నేను సంతోషపడతానని, దండం పెడతానని చూస్తున్నారు. నాకు అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలింది అక్కడే. ఎగతాళి చేసి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. వాళ్లు నిజంగానే నాకు మేలు చేశామనుకున్నారు. బండ్లు పోయే దారి పక్కన, పేడ గుంతకు ఆనుకొని, ఊరంతా చూస్తుండగా నా కోడలు నేల మీద కూర్చొని వండుకోవడం వాళ్లకు మేలుగా కనిపించింది.

“ఇంట్లో పొయ్యి కోసం నేను వాటా కట్టింది,” అన్నాను. “దారిలో పొయ్యి నాకొద్దు. రేపటినుంచి నా ఇంటి పేడ గూడా రాదు.”

తట్ట అట్లాగే తిప్పుకొని వచ్చి మా దిబ్బ మీద కుమ్మరించాను. “అవ్వా! పేడ, అవ్వా!” అని వెనక నుంచి ఇంజను షాపాయన కేకేస్తూనే ఉన్నాడు.

కొట్టం గోడ పక్కన కోడలు బిడ్డనెత్తుకొని నిలబడి ఉంది. అన్నీ వినింది. ఆ పగలంతా ఎనుముల దగ్గర, చేలో నా కాళ్లూ చేతులూ పనిచేశాయి గానీ బుర్ర పనిచేయలేదు. ఎంగిలి అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. చిన్నప్పుడు చర్చి బడిలో మూడో తరగతి దాకా చదివాను. గాలికి రంగు లేదు, వాసన లేదు అని మా పంతులమ్మ చెప్పేది. అంటు సంగతి ఆమెకు తెలిసి ఉండదు.

సాయంత్రం వాన గట్టిపడింది. కొడుకు మిల్లు నుంచి తడిసి వచ్చాడు. కోడలు పొయ్యి అంటించింది. పత్తికట్టె చిటపటమని తెల్లటి పొగ కక్కింది. గది నిండిపోయింది. అన్నం ఉడుకు పట్టేలోగా దగ్గు తెర వచ్చి, చేతిలో గరిటె వదిలేసి తలుపు దాకా పాకింది. లేచే ఓపిక లేదు. గడప మీద బోర్లా పడి, తల బయట పెట్టి, చూరు నుంచి కారే నీళ్ల కింద నోరు తెరిచింది. నేను వీపు రాస్తూ కూర్చున్నాను. వీపు ఎముకలు చేతికి ఒక్కొక్కటీ తగిలాయి. చాలాసేపటికి ఊపిరి దారికి వచ్చింది.

“అత్తా, నేను పోతా,” అంది.

“యాడికి? మీ అమ్మింటికా?”

“గుంత కాడికి.”

“ఏమన్యావ్?”

“ఆయమ్మ చెప్పినట్ల, గుంత కాడ పొయ్యి పెట్టియ్యమను. నేను ఆడ్నే వండుకొని తెస్తా.”

“ఇన్యావు గదా వాళ్లన్న మాటలు? అన్నీ ఇని, ఊరంతా చూస్తాంటే దారిలో కూర్చొని వండుకుంటావా? సిగ్గు లేదా నీకు?”

“ఉంది. సిగ్గుంటే ఊపిరాడతాదా అత్తా?”

పెండ్లయి మా ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ పిల్ల నాకు ఎదురు చెప్పింది లేదు. నేను ఎంత కసిరినా తల వంచుకొని పోయేది. ఇప్పుడు గడప మీద పడుకొనే, నా ముఖం చూడకుండా, ఊపిరి అందినంత మేర ముక్కలు ముక్కలుగా మాట్లాడింది.

“నువ్వన్నది న్యాయమే. కాదనడంల్యా. ఆ న్యాయం గెలిచేదాకా... నేను ఈ పొగలోనే ఉండాల గదా. నా బిడ్డ ఇంగా నడక నేర్చుకుంటాంది అత్తా.”

“ఆయప్ప మీద పంచాయితీ పెడతా. వాటా కక్కిస్తా.”

“పెట్టు. పంచాయితీ జరిగేటప్పుడు గూడా నేను అన్నం వండాల.” ముఖం మీది నీళ్లు తుడుచుకొని, “పేడ మానొద్దు అత్తా. పేడ మానేస్తే ఆ పొయ్యి గూడా ఇయ్యరు,” అంది.

పొద్దున విన్న మాటలన్నిటికంటే ఇది నన్ను ఎక్కువ దిమ్మెరపరిచింది. ఊరివాళ్లు అన్నదానికి నాకు కోపం వచ్చింది, తిట్టడానికి మనిషి ఎదురుగా ఉంది. ఇక్కడ ఎవరిని తిట్టాలి? ఈ పిల్ల కోసమే దూడను అమ్మాను. ఈ పిల్ల కోసమే ఆడవాళ్లందరి ముందు నిలబడ్డాను. అదే పిల్ల ఆ పెద్దావిడ చెప్పిన మాట చాలంటోంది. నేను ఏది మా పరువు అనుకున్నానో దాన్ని పక్కకు నెట్టి, గాలి అడుగుతోంది.

గోడకు ఆనుకొని కూర్చున్న కొడుకును అడిగాను. “నువ్వేమంటావ్ నాయనా?”

వాడు తడి తువ్వాలు పిండుకుంటూ ఉన్నాడు. “నేను పగలంతా నంద్యాలలో ఉంటామ్మా. ఈడ గుంజ పట్టుకొని నిలబడేది అది,” అన్నాడు. తర్వాత లేచి, ఆ తువ్వాలే నెత్తిన వేసుకొని, ఇంజను షాపాయన ఇంటికి చెప్పిరావడానికి వానలోకి వెళ్లాడు. నేను పొయ్యిలో కట్టె బయటికి లాగి నీళ్లు చల్లాను. సగం ఉడికిన అన్నం అట్లాగే దించి, గంజితో తిన్నాం.

మరుసటి పొద్దున వాన తెరిపిచ్చింది, చినుకు మాత్రం ఉంది. ఇంజను షాపాయన గోనెసంచిలో ఇనుప పొయ్యి, భుజాన నల్ల పైపు చుట్ట వేసుకొని వచ్చాడు. ఆ పైపు రాత్రికి రాత్రి ఎక్కడి నుంచి వచ్చిందో నేను అడగలేదు. గుంత పక్కన రెండు నాపబండలు పరిచి, వాటి మీద పొయ్యి బిగించాడు. బోద తెచ్చే తీరిక లేదు కాబట్టి నా కొడుకు నాలుగు కర్రలు పాతి ఎరువు సంచుల పట్ట కట్టాడు. నేను పేడ తెచ్చి, గుంతకు ఆనుకొని ఉన్న పేడ కలిపే తొట్టిలో పోసి, నీళ్లు కలిపి, చేతులతో పిసికి వదిలాను. పెద్దావిడ వాళ్ల పెరటి తలుపులో నిలబడి చూసింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసి పోయారు.

కోడలు బియ్యం గిన్నె తెచ్చి బండ పక్కన కూర్చుంది. అగ్గిపుల్ల ఒకటి గాలికి ఆరిపోయింది. రెండోది అంటుకుంది. అన్నం ఉడికేదాకా నేను తొట్టి గట్టు మీద కూర్చొని ఆ పిల్ల ఛాతీ వైపే చూశాను. దగ్గలేదు. గంజి వార్చి, కొడుకు క్యారియర్‌లో అన్నం పెట్టింది. వాడు అది తీసుకొని నంద్యాల బస్సుకు పోయాడు. మిగిలిన గిన్నె మీద పళ్లెం మూసి, చంకన పెట్టుకొని, దారి దాటి ఇంట్లోకి పోయింది. నేను పొయ్యి మర తిప్పి ఆర్పేసి వెనకే పోయాను.